'మీ మంచికేనమ్మా' అంటే సమ్మతి తీసుకున్నట్టు కాదు

సుమారు నలభై సంవత్సరాల క్రితం నేను గోదావరి ప్రాంతంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిగా పనిచేస్తుండేవాడిని. అక్కడ బోదకాలు వ్యాధి ఎక్కువ. ఆ వ్యాధి కలిగించే క్రిముల పిల్లలు పగటివేళ వేలికొస రక్తంలో దాదాపు కనిపించవు. రాత్రి పొద్దుపోయిన తరువాతే చర్మానికి దగ్గరగా ఉండే రక్తనాళాలలోకి వస్తాయి. అందువలన రక్తపరీక్షలు రాత్రివేళ చేసేవాళ్ళము. ఒకసారి బయటి నుంచి ఒక పరిశోధక బృందం వచ్చింది. మా ఆరోగ్య కార్యకర్తలు, నేను పెట్రోమాక్స్ దీపాలతో వారి వెంట ఇంటింటికీ తిరిగాము. వేలికొస నుంచి గాజుపలక మీదికి రక్తపు చుక్క తీయడం ఆ ఊరివారికి అలవాటైనదే. ఆ బృందం మాత్రం కొందరి చేతి సిర నుంచి ఒక చిన్న సీసాడు రక్తం కూడా తీసింది.

ఒక నడివయస్సు స్త్రీ నన్ను అడిగింది: "వేలి మీద చుక్క తీశారు గదా బాబూ, మళ్ళీ ఈ సీసాడు రక్తం దేనికి? ఎక్కడికి పంపుతారు?"

"మీ మంచికేనమ్మా" అన్నాను. ఆమె మారు మాట్లాడకుండా చెయ్యి చాచింది.

ఆ రక్తం దేనికో నిజానికి నాకే తెలియదు. పై అధికారులు సహకరించమన్నారు, సహకరించాను. అడగాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. అడిగినది చదువురాని ఆ ఇల్లాలు. అడగనిది వైద్యపట్టా ఉన్న నేను.

రెండేళ్ళ తరువాత ఆ సర్వే నివేదిక వెలువడింది. అందులో ఒక్కరి పేరూ లేదు. కాని ఊరి పేరు ఉంది, వీధులవారీగా, కులాలవారీగా శాతాలు ఉన్నాయి. ఆ సంగతి ఆ నోటా ఈ నోటా పడి చుట్టుపక్కల ఊళ్ళకు పాకింది. బోదకాలు దోమకాటు వలన వచ్చే వ్యాధి, వంశపారంపర్యంగా రాదు. ఆ మాట నేను ఎందరికి చెప్పినా, "ఆ వీధివాళ్ళకు అది రక్తంలోనే ఉందట" అన్న మాటే నిలిచిపోయింది. కుదిరిన పెళ్ళి సంబంధం ఒకటి తప్పిపోయిందని ఆ ఇల్లాలే వచ్చి నాతో చెప్పింది. నన్ను నిందించలేదు. "మా మంచికే అన్నారు గదా బాబూ" అని మాత్రం అంది.

అప్పటి నివేదిక కొన్ని పదుల ప్రతులకు మించి ఉండదు. నేడు అటువంటి సమాచారాన్ని ఒక్క క్షణంలో ప్రపంచమంతటికీ అందుబాటులో పెట్టవచ్చు. ఎవరైనా, ఎక్కడి నుంచైనా, ఎవరి అనుమతీ కోరకుండా దానిని దింపుకొని ఏ పనికైనా వాడుకోవచ్చు. దీనినే బహిరంగ డేటా అంటున్నారు. పరిశోధనలో పాల్గొన్నవారి డేటాను ఈ విధంగా బహిరంగపరచే ముందు, ఆ సంగతి వారికి అర్థమయ్యే భాషలో విడిగా చెప్పి, విడిగా సమ్మతి తీసుకోవాలి. 'వద్దు' అన్నవారిని పరిశోధన నుంచీ వైద్యం నుంచీ తొలగించకూడదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఇంతే. ఇది కాదనేవారు చెప్పే కారణాలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాము.

నేను డేటా పంచుకోవడానికి వ్యతిరేకిని కాను

అపార్థానికి తావు లేకుండా ముందే చెబుతాను. శాస్త్రవేత్తలు డేటాను దాచుకోవడం కూడా తప్పే. 2020 జనవరిలో కొత్త కరోనా వైరస్ జన్యుక్రమాన్ని బహిరంగపరచినందువల్లనే ప్రపంచమంతటా టీకాల తయారీ అంత త్వరగా మొదలయింది. ఆ ఏడాది మార్చి నెలలోనే మొదటి టీకాను మనుషులలో పరీక్షించడం ఆరంభించారు.

పెరాక్సిటీన్ అనే మందు సంగతి మరొక ఉదాహరణ. అది కౌమార వయస్కుల మానసిక కుంగుబాటుకు బాగా పనిచేస్తుందని, సురక్షితమని 2001లో ఒక పరిశోధన పత్రం చెప్పింది. అదే పరిశోధన డేటాను ఇతర శాస్త్రవేత్తలు మళ్ళీ విశ్లేషించి, ఆ మందు పనిచేయదని, పైగా హాని చేస్తుందని 2015లో నిరూపించారు. డేటా బయటికి రాకపోయి ఉంటే ఆ సత్యం బయటపడేది కాదు.

అయితే వైరస్‌కు బంధువులు లేరు, దాని సమ్మతి అడగనక్కరలేదు. మనిషిని అడగాలి. పెరాక్సిటీన్ రోగుల డేటాను కూడా ఎవరూ బజారున పెట్టలేదు. ఆ శాస్త్రవేత్తలు దానిని కంపెనీ నియంత్రణలో ఉన్న కంప్యూటరు వ్యవస్థ ద్వారా చూసి విశ్లేషించారు. సత్యాన్ని వెలికితీయడానికి అది చాలింది.

మొదటి వాదం: "పేర్లు తీసేశాము గదా!"

మా ఊరి నివేదికలోనూ పేర్లు లేవు.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 1990ల నడుమ ఒక ప్రభుత్వ సంస్థ రాష్ట్ర ఉద్యోగుల ఆసుపత్రి వివరాలను, పేర్లు, చిరునామాలు తొలగించి పరిశోధకులకు ఇచ్చింది. అందరి గోప్యతా భద్రమేనని అప్పటి గవర్నరు విలియం వెల్డ్ హామీ ఇచ్చారు. అప్పుడు విద్యార్థినిగా ఉన్న లతాన్యా స్వీనీ ఇరవై డాలర్లు పెట్టి కేంబ్రిడ్జి నగరపు ఓటర్ల జాబితా కొన్నది. పుట్టినతేది, లింగం, తపాలా సంకేతం, ఈ మూడింటినీ రెండు జాబితాలలో సరిపోల్చింది. ఆ మూడూ సరిపోయినవాడు ఒక్కడే తేలాడు. ఆయన స్వయంగా గవర్నరే. అమెరికా జనాభాలో 87 శాతం మందిని ఈ మూడు వివరాలతోనే గుర్తించగలిగే అవకాశం ఉందని ఆమె 2000లో అంచనా వేసింది.

జన్యు సమాచారం విషయంలో ఇది ఇంకా సులభం. పేరు లేకుండా బహిరంగంగా ఉంచిన జన్యుక్రమాలను, వంశవృక్షాల వెబ్‌సైట్లతో సరిపోల్చి, సుమారు 50 మందిని గుర్తించగలిగామని 2013లో సైన్స్ పత్రికలో ఒక పరిశోధన బృందం ప్రకటించింది. దొంగతనంగా సంపాదించినది ఏమీ లేదు. వారు వాడినదంతా ఎవరికైనా దొరికే సమాచారమే.

మన దేశంలో మరొక చిక్కు ఉంది. ఇక్కడ తరతరాలుగా కులంలోపలే పెళ్ళిళ్ళు జరుగుతున్నాయి. మండలం పేరు, కులం, వయస్సు, ఒక అరుదైన వ్యాధి, ఈ నాలుగూ చెబితే ఊళ్ళో ఆ మనిషి ఎవరో చెప్పడానికి కంప్యూటరు అక్కరలేదు, రచ్చబండ చాలును. పైగా ఒకరి జన్యువులు ఆ ఒక్కరివే కావు. బిడ్డకు తల్లి నుంచి సగం వస్తాయి. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు ఎంతో భాగం ఉమ్మడి. సంతకం చేసేది ఒకరైతే బయటపడేది కుటుంబమంతా.

ఆర్యవైశ్య సమాజంలో కొందరికి బ్యుటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఉంటుందని మన మత్తు వైద్యులకు తెలుసు. శస్త్రచికిత్స సమయంలో సక్సినైల్ కోలిన్ అనే మందు ఇస్తే, నిమిషాలలో తొలగిపోవలసిన కండరాల అచేతనత వీరిలో గంటల తరబడి ఉండవచ్చు. ఈ జ్ఞానం ప్రాణాలు కాపాడుతుంది, అందరు వైద్యులకూ తెలియాలి. ఏ సమాజాన్ని పరీక్షించినా ఇటువంటి లోపం ఏదో ఒకటి బయటపడుతుంది, అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. కాని వైద్యునికి తెలిసిన సంగతే బీమా కంపెనీకో, పెళ్ళి సంబంధాలు చూసేవారికో చేరితే దాని ఫలితం వేరు. ఫలానా పరిశోధనలో పాల్గొంటే మీ కులం గురించి, మీ ఊరి గురించి కూడా ఒక మాట లోకానికి తెలుస్తుందని ఆ మనిషికి ముందే చెప్పవద్దా?

రెండవ వాదం: "ఒకసారి సమ్మతించారు గదా!"

దేనికి సమ్మతించారు? ఇక్కడే అసలు మోసం ఉంది.

అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయలో హవసుపాయ్ అనే చిన్న గిరిజన తెగ ఉన్నది. వారిలో మధుమేహం విపరీతంగా పెరగడంతో, 1990 తరువాత అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులకు వారు రక్తం ఇచ్చారు. తమ పిల్లలను మధుమేహం నుంచి కాపాడుకోవచ్చునన్న ఆశతోనే ఇచ్చారు. సమ్మతి పత్రంలో మాత్రం 'ప్రవర్తనకు, ఆరోగ్యానికి సంబంధించిన రుగ్మతలు' అన్న విస్తారమైన మాట రాసి ఉంది. ఆ మాటను ఆసరా చేసుకొని అదే రక్తంపై మనోవైకల్యం గురించి, దగ్గరి బంధువుల మధ్య వివాహాల గురించి, ఆ తెగ పూర్వీకుల వలసల గురించి పరిశోధనలు చేశారు. ఆ లోయలోనే తాము పుట్టామన్నది ఆ తెగ విశ్వాసం. 2003లో ఈ సంగతి తెలిసి వారు న్యాయస్థానానికి వెళ్ళారు. 2010లో రాజీ కుదిరింది. విశ్వవిద్యాలయం 41 మందికి 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్తపు నమూనాలను తిరిగి ఇచ్చివేసింది.

గమనించండి, ఆ నమూనాలు ప్రయోగశాలల శీతలపెట్టెలలో ఉన్నాయి గనుక తిరిగి ఇవ్వగలిగారు. అదే సమాచారం బహిరంగ డేటాగా మారి ఉంటే ఎవరు ఎవరికి తిరిగి ఇస్తారు? పెదవి దాటితే పృథివి దాటుతుందని పెద్దలు ఊరకే అనలేదు. సమ్మతిని ఎప్పుడైనా ఉపసంహరించుకోవచ్చునని ప్రతి సమ్మతి పత్రంలోనూ రాస్తారు. బహిరంగపరచిన డేటా విషయంలో ఆ వాక్యం అబద్ధం. అబద్ధమని తెలిసి సంతకం పెట్టించుకోవడం తగదు.

హెన్రియెట్టా లాక్స్ కథ చాలామంది పాఠకులు వినే ఉంటారు. 1951లో బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సరుతో చేరిన నల్లజాతి స్త్రీ ఆమె. ఆమె కణితి నుంచి ఆమెను అడగకుండా తీసిన కణాలు హీలా కణాలు అన్న పేరుతో నేటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెరుగుతున్నాయి. అది అప్పటి కథ. 2013 మార్చిలో జర్మనీలోని శాస్త్రవేత్తలు ఆ కణాల పూర్తి జన్యుక్రమాన్ని బహిరంగంగా ఉంచారు. ఆ కుటుంబాన్ని ఎవరూ అడగలేదు. ఆమె పిల్లల, మనుమల వారసత్వ రహస్యాలు అందులో ఉన్నాయి. వారు ఏ చట్టాన్నీ అతిక్రమించలేదు. అయినా విమర్శ రాగానే ఆ సమాచారాన్ని వెనుకకు తీసుకున్నారు. ఆ ఆగస్టులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు ఆ కుటుంబంతో ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఆ జన్యుక్రమం కావలసినవారు దరఖాస్తు పెట్టుకోవాలి. దానిని పరిశీలించే సంఘంలో ఆ కుటుంబ సభ్యులు ఇద్దరు ఉంటారు. పరిశోధన ఆగిపోయిందా? లేదు. మర్యాద మాత్రం దక్కింది, అరవై ఏళ్ళ తరువాత.

మూడవ వాదం: "చదువురానివారికి ఇవన్నీ ఏమి అర్థమవుతాయి?"

ఈ మాట నా తోటి వైద్యుల నోట ఎన్నోసార్లు విన్నాను. ఒకప్పుడు నేనూ అన్నాను. "సీసాడు రక్తం ఎక్కడికి పంపుతారు?" అన్న ప్రశ్న కంటే సూటియైన ప్రశ్న ఏ నైతిక సంఘమూ అడగలేదని ఇప్పుడు నాకు తెలుసు. అర్థం కానిది వారికి కాదు, అర్థమయ్యేటట్లు చెప్పే ఓపిక మనకు లేదు.

ఓపిక లేనప్పుడు ఏమి జరుగుతుందో మన ఖమ్మం జిల్లాలో చూశాము. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఆ జిల్లాలో మూడు మండలాల బాలికలకు ఒక ప్రదర్శక పథకం క్రింద హెచ్.పి.వి. టీకాలు వేశారు. సుమారు 14,000 మందిలో ఎందరో గిరిజన బాలికలు, ఎందరో ప్రభుత్వ వసతిగృహాలలో చదువుకుంటున్నవారు. తల్లిదండ్రుల సమ్మతి తీసుకోవలసిన చోట, వేల పత్రాల మీద వసతిగృహాల వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో దీనిని తీవ్రంగా గర్హించింది. కొందరు బాలికల మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. ఆ టీకా మంచిది, గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారిస్తుంది. నా మనుమరాలికి వేయించాను, మీ పిల్లలకూ వేయించండి. కాని అడగకుండా చేసిన మంచిపని ఫలితంగా ఆ మంచి టీకా మీదనే ప్రజలకు అనుమానం కలిగింది. ఇన్నేళ్ళ తరువాత నేటికీ తల్లులు నన్ను ఆ ఖమ్మం సంగతి అడుగుతూనే ఉంటారు.

ఇందులో మరొక విషాదం ఉంది. ఆ టీకా నిరోధించే వైరస్‌లలో ఒక రకం హెన్రియెట్టా లాక్స్ కణాలలో కనిపించింది. అడగకుండా తీసుకున్న కణాలు తోడ్పడిన జ్ఞానంతో తయారైన టీకాను, మళ్ళీ అడగకుండానే మన పిల్లలకు వేశాము.

వార్డెను సంతకం పునాదిగా ఒక డేటా నిర్మించి, రేపు దానిని లోకానికి బహిరంగపరిస్తే, అది ఎవరి సమ్మతితో బహిరంగమైనట్లు?

అర్థమయ్యేటట్లు చెప్పడం సాధ్యమేనని చూపినవారూ ఉన్నారు. హార్వర్డ్‌లో జార్జ్ చర్చ్ 2005లో ప్రారంభించిన వ్యక్తిగత జన్యుక్రమ ప్రణాళికలో చేరగోరేవారికి గోప్యతకు హామీ లేదని ముందే చెప్పారు. మిమ్మల్ని గుర్తించవచ్చు, మీ బంధువులకూ ఇబ్బంది కలగవచ్చు, ఒకసారి బయటపడినది తిరిగి రాదని వివరించారు. అంతటితో ఆగక, అర్థమయిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష పెట్టారు. అన్ని ప్రశ్నలకూ సరియైన జవాబులు చెప్పినవారినే చేర్చుకున్నారు. మనం మన రోగికి పరీక్ష పెట్టనక్కరలేదు. "నేను చెప్పినది మీ మాటల్లో ఒకసారి చెప్పండమ్మా" అని అడిగితే చాలు. దానికి ఐదు నిమిషాలు పడుతుంది.

నాలుగవ వాదం: "ఇంత అడుగుతూ కూర్చుంటే విజ్ఞానశాస్త్రం ముందుకు సాగదు"

ఈ నాలుగింటిలో కాస్త బలమున్న వాదం ఇదే. వద్దన్నవారినందరినీ తీసివేస్తే మిగిలిన డేటా సమాజానికి సరియైన ప్రతిబింబం కాదని, ఫలితాలు తప్పుదారి పడతాయని అంటారు. నిజమే. అందుకే సమ్మతిని అంతస్తులుగా అడగమంటున్నాను. ఈ పరిశోధనకు ఇస్తారా? ముందుముందు ఇటువంటి ఇతర పరిశోధనలకు వాడుకోవచ్చునా? అనుమతి పొందిన శాస్త్రవేత్తలకు మాత్రమే చూపవచ్చునా? అందరికీ బహిరంగపరచవచ్చునా? చివరి ప్రశ్నకు కాదన్నవారు పరిశోధనలో ఉండనే ఉంటారు, బహిరంగ ప్రతిలో మాత్రమే ఉండరు. పూర్తి డేటా అవసరమైన శాస్త్రవేత్త కారణం చెప్పి, బాధ్యత వహిస్తూ దరఖాస్తు పెట్టుకొని చూడవచ్చు.

ఇది ఊహాగానం కాదు. 10,000 మంది భారతీయుల జన్యుక్రమాలను సేకరించిన జీనోమ్ ఇండియా డేటాను ఫరీదాబాద్‌లోని జాతీయ కేంద్రంలో భద్రపరచి, 2025 నుంచి నియమబద్ధమైన దరఖాస్తు పద్ధతిలో పరిశోధకులకు అందిస్తున్నారు. భారత వైద్య పరిశోధనా మండలి 2017 నాటి నైతిక మార్గదర్శకాలలో కూడా అంతస్తులవారీ సమ్మతి ప్రస్తావన ఉంది. దారి ఉంది, నడవడానికే బద్ధకం.

ఎన్నో ఏళ్ళనాటి నమూనాల విషయంలో ఇచ్చినవారు మరణించి ఉండవచ్చు, జాడ తెలియకపోవచ్చు. అటువంటప్పుడు నైతిక సంఘం పరిశీలించి నియంత్రిత పద్ధతిలో వాడుకోనివ్వడం సమంజసమే. కాని ఎదుట కూర్చున్న మనిషిని అడగకపోవడానికి ఆ మినహాయింపు సాకు కారాదు.

చట్టం ఒక్కటే చాలదు

గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017లో స్పష్టం చేసింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. అయితే ఆ చట్టమే పరిశోధన, గణాంక ప్రయోజనాలకు మినహాయింపు ఇచ్చింది. డేటా ఆధారంగా ఆ వ్యక్తి గురించి ప్రత్యేక నిర్ణయం ఏదీ తీసుకోకుండా, నిర్దేశించిన ప్రమాణాలు పాటిస్తే చాలునన్నది. ఆ ప్రమాణాలలో బహిరంగపరచడానికి విడి సమ్మతిని తప్పనిసరి చేయాలని నా కోరిక. అంతవరకు భారం వైద్యులది, నైతిక సంఘాలది, మీది.

సంతకం చేసే ముందు మీరు అడగవలసినవి

మిమ్మల్ని గాని, మీ ఇంటివారిని గాని ఏదైనా పరిశోధనలో చేరమంటే భయపడి పారిపోకండి. పరిశోధన లేనిదే వైద్యం లేదు. కాని ఈ ప్రశ్నలు అడగండి.

1. నా రక్తం, నా వివరాలు దేనికి వాడతారు? ఆ పని ముగిశాక ఏమవుతాయి?
2. వాటిని ఎవరెవరు చూస్తారు? అనుమతి పొందిన పరిశోధకులా, లోకంలో ఎవరైనానా?
3. పేరు తీసేస్తారు సరే, నా ఊరు, కులం, పుట్టినతేది, వ్యాధి వివరాలు ఉంచుతారా?
4. బహిరంగపరచడానికి నేను ఒప్పుకోకపోతే పరిశోధనలో ఉండవచ్చునా? నా వైద్యం ఏమైనా ఆగుతుందా?
5. రేపు మనసు మారితే వెనుకకు తీసుకోగలనా? ఏది తీసుకోగలను, ఏది తీసుకోలేను?
6. ఈ పత్రం తెలుగులో ఉన్నదా? ఒక ప్రతి నాకు ఇస్తారా?

జవాబు చెప్పలేనివారికి చెయ్యి చాచకండి. "మీ మంచికే" అన్నవారిని మరొకసారి అడగండి.

నా తోటి వైద్యులకు ఒక మాట. మన ప్రజలు కాగితాన్ని చూసి సంతకం చేయరు, మన ముఖం చూసి చేస్తారు. ఆ నమ్మకం మనం సంపాదించినది కొంత, మనకు ముందున్న వైద్యులు కూడబెట్టి ఇచ్చినది ఎక్కువ. ఎవరి పరిశోధన కోసమో దానిని ఖర్చుపెట్టే హక్కు మనకు లేదు. ఆ రాత్రి నేను ఆ ఇల్లాలితో "నాకూ తెలియదమ్మా, కనుక్కొని చెబుతాను, అంతవరకు ఇవ్వకండి" అని ఉండవలసింది. అందుకు వైద్యశాస్త్రం చదవనక్కరలేదు. ఆమె ప్రశ్నను ప్రశ్నగా వింటే సరిపోయేది.